కింద గది

"లాడ్జేనండీ? మంగళవారం పగటిపూటకి ఒక గది కావాలి. మా అమ్మ మెట్లెక్కలేదు, కింద గదే కావాలి."

"అమ్మగారి వయసెంత బాబూ?" అంది ఒక ముసలి గొంతు.

"డెబ్బై ఆరు. గది ఉందా లేదా, అది చెప్పండి."

"కింద గది ఉంది. రండి."

ఫోన్ చేసినాయన బస్సు డిపోలో టైంటేబుళ్లు వేసే గుమాస్తా. డిపోలో అందరూ ఆయన్ని టైంటేబుల్ అనే పిలుస్తారు. ఇంట్లో పెళ్లాం పిల్లలు కూడా చాటుగా అదే పేరు వాడతారు. ఆయన రాసిన కాగితంలో ఒక్క అంకె తప్పిందని ఇరవై ఏడేళ్లలో ఎవరూ అన్న పాపాన పోలేదు.

ఈసారి వేసింది తల్లి కోసం. బుధవారం పొద్దున్నే ఆవిడ కంటి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరాలి. ఆ తర్వాత చూపు నిలుస్తుందో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదు.

"ఉన్న చూపుతో ఒక్కసారి ఆ గుళ్లో దేవుణ్ణి చూసొస్తానురా," అందావిడ. నోరు తెరిచి కొడుకుని ఒకటి అడగడం అదే మొదలు.

తొమ్మిది నలభైకి ఆ గుడి ఉన్న ఊళ్లో బస్సు దిగడం. పదికి గుడి. పదకొండున్నరకి గదిలో నడుం వాల్చడం. నాలుగుంబావుకి ఆఖరి బస్సు. అడుగున లాడ్జి నంబరు. ఆ కాగితం తెచ్చి గోడకి అంటించాడు.

మర్నాడు ఆ ముసలి గొంతే ఫోన్ చేసింది.

"ఎంత ఎత్తు కుర్చీ అయితే అమ్మగారు తేలిగ్గా కూర్చుని లేస్తారు బాబూ?"

"ఏం, కుర్చీకి వేరే అద్దె రాస్తారా?"

"అబ్బే, ఊరికే అడిగాను."

"మన మంచమంత ఎత్తని చెప్పరా," అంది తల్లి పక్కనుంచి నవ్వుతూ.

పళ్లు కొరుకుతూనే చెప్పాడు.

శనివారం మళ్లీ ఫోన్.

"మంగళవారం వద్దు బాబూ, సోమవారం రండి. గుడికి ముందువైపు యాభై నాలుగు మెట్లు. పక్క గుమ్మానికి మూడే. మంగళవారం ఆ గుమ్మం తెరవరు."

సెలవు మార్చుకోవడం పెద్ద పనేం కాదు. పక్క సీటాయన అడిగితే కాదనడు. కానీ టైంటేబుల్ వేసిన కాగితాన్ని ఇంకొకడు దిద్దడమా?

"చూడండి, ఇన్ని ఊళ్ల బస్సులు నా కాగితం చూసే కదులుతాయి. సోమవారం మీ గదులు ఖాళీగా ఉంటే అది మీ బాధ. ముసలాళ్ల మోకాళ్ల మీద వ్యాపారమేంటండీ? మీ గదీ వద్దు, మీ సలహాలూ వద్దు."

"అయితే మంగళవారమే వస్తారా?"

"మంగళవారమే. తొమ్మిది నలభైకే దిగుతాం. ఎవరాపుతారో చూస్తాను."

"సరే బాబూ. అమ్మగారు జాగ్రత్త."

మంగళవారం బస్సు నిమిషం తేడా లేకుండా చేరింది. దిగీ దిగగానే ఒక బక్కపల్చటి ముసలాయన ఎదురొచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు, వాళ్ల చేతుల్లో రెండు వైపులా కర్రలు బిగించిన కుర్చీ.

"అమ్మా, మీరు..."

"అక్కర్లేదు, తప్పుకోండి," అని టైంటేబుల్ కుర్చీని పక్కకి నెట్టి తల్లిని నడిపించుకుపోయాడు.

"పాపం, ఏదో చెప్పబోయాడురా."

"ఇలాంటివాళ్లతో మాట కలిపితే వదలరమ్మా."

గుడి ముందు యాభై నాలుగు మెట్లే ఉన్నాయి. పక్క గుమ్మానికి తాళం ఉంది. తల్లి పదకొండు మెట్లెక్కి కూలబడింది. ఎత్తుకోబోతే ఆయనకే నడుం పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది కర్రల కుర్చీ. నలువైపులా వెతికాడు, అది మళ్లీ కనబడలేదు.

పన్నెండుకి తలుపులు మూసేశారు. మళ్లీ సాయంత్రం ఆరుకిగానీ తెరవరట.

తల్లి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని శిఖరం వైపు చూసింది.

"చాల్లేరా, కనిపించింది," అంది.

ఏమీ కనిపించలేదని ఇద్దరికీ తెలుసు. కొడుకు పరువు కాపాడ్డానికి ఆ తల్లి గుడి మెట్ల మీదే అబద్ధమాడింది. టైంటేబుల్‌కి తల కొట్టేసినట్టయింది. గోడ మీంచి ఊడదీసి జేబులో తెచ్చుకున్న కాగితం తీసి నలిపేశాడు.

ఆవిడ నడుం వాల్చాలి. ఆ ఊళ్లో ఆయనకి తెలిసింది ఆ లాడ్జి ఒక్కటే. తిట్టిన నోటితోనే బతిమాలుకుందామని, తల్లిని నీడన కూర్చోబెట్టి వెళ్లాడు.

"ఫోన్‌లో మాట్లాడే పెద్దాయన్ని పిలవండి. క్షమించమని అడగాలి."

"ఇక్కడ పెద్దాయనెవరూ లేరే," అన్నాడు లాడ్జి గుమాస్తా. "ఏ నంబరుకి చేశారు?"

నలిగిన కాగితం సాపు చేసి చూపించాడు. లాడ్జి గుమాస్తా తన వెనకనున్న బోర్డు చూపించాడు. బోర్డు మీద నంబరుకి చివర ఏడు. కాగితంలో, టైంటేబుల్ సొంత దస్తూరీలో, ఒకటి.

"ఇది గుడి వెనక సందులో ఉండే వడ్రంగి తాతది సార్. ఓహో, కుర్చీ మీకోసమేనా? ఎవరో అమ్మగారు వస్తున్నారని నాలుగు రోజులు కూర్చుని చేశాడు. పక్క గుమ్మం ఉండదని, మెట్లమీద మోయడానికి ఇద్దర్ని వెంటబెట్టుకుని పొద్దున బస్టాండుకి కూడా వెళ్లాడే. కలవలేదా?"

టైంటేబుల్ ఆ ఒకటి అంకె మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"తప్పు నంబరని ఆయనొక్క మాట చెప్పొచ్చుగా?"

"మా గదులన్నీ పైనే సార్. ఆ సంగతి తెలుసు కాబట్టి, మెట్లెక్కలేనివాళ్లు పొరపాటున ఆయనకి ఫోన్ చేస్తే ఇటు పంపడు."

"మరి కింద గది ఉందన్నాడు? ఆయన కూడా గదులు అద్దెకిస్తాడా?"

"అద్దె ఎక్కడ సార్, ఆయనకున్నదే ఒక్క గది, ఎవరైనా వస్తే అది వాళ్లకి వదిలేసి తను సందులో కూర్చుంటాడు."