వెండి వేలాయుధం పద్దు

“ఈ నలభై రెండు లక్షలు వచ్చేది అనుమానమే. సగమన్నా రానిబాకీ కింద రాయాల,” అన్నాడు ఆడిటర్ ద్వారకనాథ్.

ఫౌండ్రీ యజమాని వరదయ్య కుర్చీలోంచి లేచాడు. “అనుమానమా! సెల్వకుమార్ మా దగ్గర పంపుల సామాన్లు తీసుకొనింది నిజం. పగుళ్ళున్నాయని సాకు చెప్పి దుడ్డు నిలిపేసినాడు. కేసు కోర్టులో ఉంది. వచ్చే నెల పదో తేదీ తీర్పు. మొత్తం వస్తుంది.”

ఇద్దరి మధ్యా లెడ్జరు తెరుచుకుని కూర్చుంది అకౌంటెంట్ ఏంజెలిన్. సగం కొట్టేస్తే ఈ ఏడాది లాభం కాస్తా నష్టమవుతుంది. బ్యాంకు లోను ఆపేస్తుంది. తిరువళ్ళూరులో ఆ ఫౌండ్రీని నమ్ముకున్న అరవై మంది జీతాలు ఆగిపోతాయి. అందులో ఆమెదొకటి.

“అంత గట్టిగా ఎట్ల చెప్తారు?” అన్నాడు ద్వారకనాథ్.

“తిరుత్తణి మురుగయ్యకు మొక్కుకొన్నా. ఈ బాకీ వస్తే కంపెనీ తరపున కిలో వెండితో సామి చేతికి వేలాయుధం చేయిస్తానని, గుండు కొట్టించుకుంటానని.”

ద్వారకనాథ్ పెన్ను మూత తీశాడు. “ఆ మొక్కు లెక్కల్లో యాడుంది?”

“మొక్కుకు లెక్కేందయ్యా?”

“దుడ్డు కంపెనీది గదా. బాకీ తప్పకుండా వస్తుందంటారా, మొక్కూ తప్పకుండా చెల్లించాల. ఇప్పుడే అప్పు కింద రాయండి. మొక్కు సంగతి గెలిచినాక చూస్తామంటారా, అట్లయితే బాకీ కూడా అనుమానమే. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి.”

వరదయ్య ఫ్యాను వైపు చూశాడు. ఆడిటర్ వైపు చూశాడు. “రాయమ్మా,” అన్నాడు చివరికి.

ఏంజెలిన్ రాసింది: ‘చెల్లించవలసినవి – వెండి వేలాయుధం, ఒకటి.’ తలెత్తి, “గుండుకు, సార్?” అని అడిగింది.

“జుట్టుకు విలువ లేదు. అక్కర్లేదు.”

మరునాడు పొద్దున వరదయ్య ఎర్రబడిన కళ్ళతో వచ్చాడు. “రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. సామికి బాకీ ఉన్నామని అచ్చేసి బ్యాంకోళ్ళ చేతికిచ్చేదా? మార్చి ముప్పై ఒకటి లోపల, లెక్కలు మూసేలోగానే తీర్చేస్తాం.”

“కేసు ఇంకా తేలలేదు గదయ్యా?”

“బాకీ బాకీనే.”

“ఓడిపోతే?”

వరదయ్య క్యాలెండరులో మంగళవారం మీద వేలు పెట్టాడు. “రసీదు తీసుకోవాల. నువ్వూ రా,” అన్నాడు.

ఆ మంగళవారం తిరుత్తణి కొండ మీద వేలాయుధం అప్పగించారు. లోపల వరదయ్య దర్శనం చేసుకుంటుంటే, బయట ఏంజెలిన్ రసీదు పట్టుకుని తన జీతంతో లెక్క వేసింది. పది నెలల జీతం. చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషి, ఆ మెట్ల మీదే కళ్ళు మూసుకుని తనకు తెలిసిన ప్రార్థన చేసింది.

దిగుతుంటే ఎదురుగా సెల్వకుమార్ వస్తున్నాడు. తీర్పు దగ్గర పడుతోందని ఆయనా కొబ్బరికాయ పట్టుకుని కొండెక్కుతున్నాడు. గంధం పూసిన వరదయ్య గుండును చూసి ఆగిపోయాడు.

“ఏందన్నా ఇది?”

“మొక్కు. తీర్చేసినా.”

“ఏం మొక్కు?”

“మన కేసుదే.”

వరదయ్య అబద్ధమాడే మనిషి కాదు. పగవాడితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడే మనిషీ కాదు. అంతటితో ఆపి, చరచరా దిగిపోయాడు. సెల్వకుమార్ మాత్రం ఏంజెలిన్ చేతిలోని రసీదును వంగి చదివాడు. రెండుసార్లు చదివాడు.

మరునాడు పదకొండు గంటలకు కంపెనీ ఖాతాలో నలభై రెండు లక్షలు పడ్డాయి. ఏంజెలిన్ పంపినవాళ్ళ పేరు మరోసారి చూసింది. పొరపాటున వేశారేమోనని సెల్వకుమార్‌కే ఫోను చేసింది.

“సార్, తీర్పు పదో తేదీ గదా? ఇప్పుడే కట్టేసినారేంది?”

“కోర్టు చెప్పినాక అయితే వడ్డీతో కట్టాల గదమ్మా,” అన్నాడు సెల్వకుమార్ నీరసంగా. “పని కాకముందే మొక్కు తీర్చేవాడు ఈ లోకంలో యాడన్నా ఉంటాడా? మీ అయ్యకు తీర్పు ముందే తెలిసిపోయింది!”