కుందేలు కట్టిన పాక

రెండు బండల నడుమ ఒక కుందేలుకు చారెడు పచ్చిక ఉండేది. ఎండాకాలానికి గడ్డి దాచుకుందామని అది పాక కట్టడం మొదలుపెట్టింది. పాక ఎంత పెద్దదైతే అడవిలో అంత గౌరవం అనుకుని, గుంజలు దూరం దూరంగా పాతి, జాగా అంతా రెల్లుతో కప్పేసింది.

"బావా, కప్పు కింద గడ్డి మొలుస్తుందా?" అని అడిగింది పొరుగున ఉండే కౌజుపిట్ట.

"ఓర్వలేక అంటున్నావు," అంది కుందేలు.

వానలు పడ్డాయి. పాక కింద పచ్చిక మాత్రం పాలిపోయి చచ్చింది. చుట్టుపక్కల పచ్చికలు ఎవరివి వాళ్లవే. ఆకలికి ఆగలేక కుందేలు సిగ్గు చంపుకుని రోజూ కాస్త కప్పు పీకి నమిలింది. ఎండ తగిలిన చోటల్లా మొలకలు లేచాయి.

చివరికి ఒక మూల గంపంత కప్పు మిగిలింది.

"ఇప్పుడు నీ గడ్డికి సరిపోయింది బావా," అంది కౌజుపిట్ట.

కుందేలు నములుతూనే ఉంది. దాని నోటినిండా రెల్లు ఉంది.