లెక్కలోకి రాని గెలుపులు

"ఈడ నొప్పుందా?"

"లేదు మామా."

"ఇంకొంచెం పైన?"

"ఆడ చక్కిలిగిలి మామా!"

మేనల్లుడు శరత్ చంద్ర మోకాలు వదిలేసి వెంకటరమణయ్య నిట్టూర్చాడు. జమ్మలమడుగు మైదానంలో కాసేపట్లో పులివెందులతో క్రికెట్ ఫైనల్ మొదలవుతుంది. ప్రొద్దుటూరు జట్టులో పదకొండు మందినీ పొద్దున్నుంచీ ఒక్కొక్కరినే తడిమి చూశాడు. ఎవరికీ చిటికెన వేలు కూడా బెణకలేదు. చూసేవాళ్ళకు, ఈ బట్టల కొట్టు శెట్టికి పిల్లల మీద ఎంత ప్రాణమో అనిపించి ఉంటుంది. ఆయన వెతుకుతున్నది మాత్రం ఒక చిన్న దెబ్బ కోసం.

అంతా మీసం తెచ్చిన తంటా. ప్రొద్దుటూరు బజారు మొత్తం మీద అలాంటి మీసం ఇంకొకటి లేదు. రెండేళ్ళ కిందట ఫైనల్‌కు ముందు మైకు చేతికి దొరికితే, "మా వాళ్ళందరూ ఒళ్ళు బాగుండి ఆడి పులివెందుల చేతిలో ఓడితే ఈ మీసం తీసేస్తా!" అని నోరు జారాడు. సాయంత్రానికి ఓడిపోయారు. అదృష్టం కొద్దీ ఆట మధ్యలో కీపర్ అమీర్ బాషా వేలికి దెబ్బ తగిలింది. "కీపరు లేని జట్టు మీద గెలిచేది గూడ గెలుపేనా? లెక్కలోకి రాదు" అనేసి బయటపడ్డాడు. మరుసటేడు బౌలర్ జనార్దన్ భుజం పట్టేసింది. ఆ గెలుపూ లెక్కలోకి రాలేదు. ఈసారి అందరూ నిక్షేపంలా ఉన్నారు.

"ఏం శెట్టీ, ఈసారన్నా మీవాళ్ళందరూ బాగుండారా?" పులివెందుల జట్టు పెద్ద ఓబులయ్య నవ్వుతూ వచ్చాడు. సింహాద్రిపురంలో గొర్రెల మంద ఉన్న ఆసామి. ఆయన కొడుకు ప్రతాపే వాళ్ళ ముఖ్యమైన బౌలర్.

"గుండ్రాళ్ళ మాదిరి ఉండారు" అన్నాడు వెంకటరమణయ్య ఏడవలేక.

"ఏమండీ, కొత్త రేజరు సంచిలో పెట్టినా. సబ్బు గూడ పెట్టినా" అంది భార్య భాగ్యలక్ష్మి. ఆమె పుట్టిల్లు పులివెందుల. మజ్జిగ క్యానుతో సహా పోయి పులివెందుల వాళ్ళ షామియానా కిందే కూర్చుంది. ఆ మీసాన్ని చీపురుకట్ట అనడం తప్ప ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క మంచి మాట అన్నది లేదు. ఇంట్లోనే శత్రువుంటే ఎవరికి చెప్పుకుంటాడు!

మొదట పులివెందుల దంచి కొట్టింది. ప్రొద్దుటూరు వంతు వచ్చేసరికి ప్రతాప్ బంతి ఎటు పోతుందో ఎవరికీ అర్థం కాలేదు. వికెట్లు వరసగా రాలాయి. శరత్ ఒక్కడే నిలబడ్డాడు. వెంకటరమణయ్య మీసాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

నీళ్ళ విరామంలో భాగ్యలక్ష్మి ఊరి తేడా లేకుండా అందరికీ మజ్జిగ పోసి, మేనల్లుడి వీపు తట్టి వచ్చింది. ఆ తర్వాత కాసేపటికే శరత్ రెండో పరుగుకు ఉరికి, మధ్యలో పడి, మోకాలు పట్టుకుని "అమ్మా!" అన్నాడు. ప్రతాపే వచ్చి వాణ్ణి భుజాన వేసుకుని బౌండరీ గీత దాటించాడు. మరి నాలుగు ఓవర్లకు ప్రొద్దుటూరు కథ ముగిసింది.

వెంకటరమణయ్యకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. "శరత్ లేకుండా ఇదొక గెలుపా? లెక్క..."

"మామా" అన్నాడు ప్రతాప్, చొక్కా అంచుతో చెమట తుడుచుకుంటూ. "మేం ఎప్పుడు గెలిచినా లెక్కలోకి రాదంటావు. మరి మేం ఎట్ల గెలవాల, నువ్వే చెప్పు."

పిల్లవాడి గొంతులో కోపం లేదు. అదే వెంకటరమణయ్యను పట్టి కుదిపింది. ఒక మీసం కోసం ఇంతమంది పిల్లల సంతోషాన్ని ఏటేటా తుంచేస్తున్నానే అని నిజంగా సిగ్గేసింది. లేచి పోయి మైకు అందుకున్నాడు.

"ఆటన్నాక దెబ్బలు తగలవా? నిలబడినోళ్ళతోనే ఆట. ఈ గెలుపు గెలుపే. ముందర రెండూ గెలుపులే! భాగ్యం, రేజరు తీసుకురా!"

మైదానమంతా ఈలలు మోగాయి. ఓబులయ్య పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. భాగ్యలక్ష్మి మాత్రం సంచి చంకన పెట్టుకుని షామియానా వెనక్కి పోయింది. వెంకటరమణయ్య వెంటపడ్డాడు.

"రేజరేదీ?"

"తేలేదు."

"పొద్దున పెట్టినానంటివే!"

"శరత్ కాలు పోయినంక అది గెలుపెట్లయితాది? లెక్కలోకి రాదు!"

"గెలిచింది మీ ఊరే కదే!"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెళ్ళిచూపుల్లో నేను తలెత్తి చూసింది ఆ మీసాన్నే. అది లేకుండా మీ మొగం నేనెట్ల చూసేది?"

ఎండలో నిలబడ్డా వెంకటరమణయ్యకు ఒళ్ళంతా చల్లబడినట్టయింది. అయినా మాటంటే మాటే అనుకుని సంచి లాక్కుని, పేర్చి ఉన్న కుర్చీల చాటున కూర్చుని వెతకసాగాడు.

అంతలో శరత్ చంద్ర రెండు కాళ్ళ మీదా రివ్వున పరుగెత్తుకొచ్చాడు. వెనకే అమీర్ బాషా, జనార్దన్. మామ అక్కడే ఉన్నాడని చూసుకోకుండా శరత్ రొప్పుతూ అడిగాడు:

"అత్తా, నా ఒక్క కాలు చాల్లేదే! ఈసారి ముగ్గురం కుంటాల్నా?"