ఇటుకరాణి

బాగాయం ఊళ్లో సగం లేచిన మేడ ముందు, గుంజకు ఒక అట్టను ఆనించి, దాని మీది బొమ్మ నుదుట మేకు పెట్టి కొట్టాడు శివలింగం మేస్త్రీ. నీళ్ల బిందెతో వచ్చిన కూతురు యువరాణి అక్కడే నిలిచిపోయింది.

"నీ సంచిలో దొరికింది పాపా. గుడియాత్తం సంతలో కొనే దిష్టిబొమ్మకు కూడా ఇంత బెదురు పుట్టించే మొగం ఉండదు. గృహప్రవేశం దాకా ఈడే ఉండనీ. ఆ పొద్దు కాల్చేస్తాం."

"అది దిష్టిబొమ్మ కాదు నాయనా. పత్రికోళ్ల బొమ్మలకథ పోటీకి గీసినా. పేరు ఇటుకరాణి. ఇటుకలు మోసుకుంటా మేడల మీద ఎగురుతాది. ఈ పొద్దే పోస్టులో వెయ్యల్ల."

"ఈ నలుపూ, ఈ పండ్లూ పెట్టుకోని రాణా?" మేస్త్రీ నవ్వాడు. "రాణంటే కేబుల్ టీవీలో వచ్చేదాని మాదిరి ఎర్రంగా ఉండల్ల. ఎవుర్ని చూసి గీసినావు దీన్ని?"

యువరాణి బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. ఎవరిని వారే నాయికగా గీసుకోవాలన్నది పోటీ నియమం. ఆమె మూడు రోజులు అద్దం ముందు కూర్చుని గీసింది.

రెండో మేకు కోసం శివలింగం బొమ్మ ఎడమ కనుబొమ మీద వేలు పెట్టాడు. అక్కడ అడ్డంగా ఒక గాటు ఉంది. నిరుడు పై అంతస్తు నుంచి తన చేయి జారిన ఇటుక కూతురికి తగిలింది సరిగ్గా అక్కడే.

సుత్తి దించాడు. మొదటి మేకును వేళ్లతో పెరకబోయాడు. అది కదలలేదు.

"వద్దులే నాయనా, మొగం చినిగిపోతాది," అంది యువరాణి, బిందె కింద పెడుతూ. "ఉండనీ. కాల్చే పొద్దు మాత్రం నా మొగాన్ని నీ చేత్తో కాల్చద్దు."