షవర్ గడప

"ఈ కాలంలో షవర్‌కి గడప ఎవరు పెట్టిస్తున్నారమ్మా? ఉన్నవి తీయించుకోడానికే జనం నన్ను పిలుస్తున్నారు," అన్నాడు మిరో, స్నానాల గది నేల మీద టేపు పరిచి.

"ఎవరి సంగతో నాకెందుకు? నాకు కావాలి," అంది గ్లెనిస్.

మిరో ఇరవై ఏళ్లుగా గీలాంగ్ ఊళ్లో టైల్స్ పని చేస్తున్నాడు. గ్లెనిస్ వయసు ఆడవాళ్లను చాలామందిని చూశాడు. వాళ్లకు రంగు మీదే పట్టింపంతా. ఈమె ఇంతవరకూ రంగు ఊసే ఎత్తలేదు.

ఈమె తొందర వేరు. భర్త నెవిల్ షుగర్ ముదిరి రెండు నెలలుగా హాస్పిటల్లో ఉన్నాడు. ఆపరేషన్ అయింది, గండం గడిచింది. ఇంకో రెండు వారాల్లో, గురువారం నాడు, హాస్పిటల్ నుంచి ఒకామె ఇల్లు చూడడానికి వస్తుంది. ఆమె సరేనంటే శుక్రవారం నెవిల్ ఇంటికొస్తాడు. కాదంటే అటునుంచి అటే వృద్ధుల హోమ్‌కి పంపేస్తారు.

ఇప్పుడున్న షవర్‌కి గడప లేదు. నేలంతా ఒకే మట్టం. నెవిల్ స్నానానికి దిగితే నీళ్లు నడవా దాకా పారేవి. పారించేది ఆయన, తిట్లు ఈమెకు. తుడవడం ఒక్క నిమిషం ఆలస్యమైతే చాలు, అగ్గి మీద గుగ్గిలమయ్యేవాడు. తడి నేల మీద జారిపడ్డానని గ్లెనిస్ డాక్టరుతో మూడుసార్లు చెప్పింది. మూడోసారి డాక్టరు ఎలా పడ్డావని కూడా అడగలేదు. ఇలాంటి మగవాళ్లకు బయట ఎంత మంచి పేరో! క్లబ్బులో అడిగి చూడండి, నెవిల్ లాంటి ధర్మాత్ముడు లేడంటారు.

"సరే, దేంతో కట్టమంటారు?" అన్నాడు మిరో. "చెక్క పెడితే ఏడాది తిరక్కుండా ఉబ్బిపోతుంది."

"వద్దు."

"మార్బుల్ అందంగా ఉంటుంది. కానీ సబ్బు మరకలు పీల్చేస్తుంది."

"అందం ఎవడిక్కావాలి?"

"ఫ్యాక్టరీలో పొడి కలిపి చేసే రాయి ఉండేది, చవగ్గా. దాన్ని కోసే మా తమ్ముడు ముప్పై ఎనిమిదేళ్లకే నాలుగు మెట్లెక్కలేకపోతున్నాడు, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి. ఇప్పుడు నిషేధించారులెండి. నిషేధించకపోయినా నేను ముట్టను."

"టైల్స్ అతికిస్తే?" అంది గ్లెనిస్.

"అతికించొచ్చు. కాకపోతే రేపెప్పుడైనా వద్దనుకుంటే సుత్తితో నాలుగు దెబ్బలకి ఊడొచ్చేస్తుంది."

"ఊడొచ్చేది నాకొద్దు మిరో. గట్టిది చెప్పు."

"అయితే గ్రానైటే. కింద ఇటుక కట్టి, పైన ఒకే పలక. నీళ్లు దిగకుండా పూసే పూతలోనే దాన్ని కలిపి కూర్చోబెడతాను. మళ్లీ తీయాలంటే గది మొత్తం పగలగొట్టాల్సిందే."

"అదే వెయ్యి. ఎత్తెంత?"

"పది సెంటీమీటర్లు చాలు."

"పదిహేను చెయ్యి."

మిరో తల గోక్కున్నాడు. "ఇంతకీ హాస్పిటల్ వాళ్లు బాత్రూం ఎలా ఉండాలో ఏమైనా చెప్పారామ్మా?"

"కాగితం మీద బొమ్మ గీసి మరీ ఇచ్చారు. నాలుగుసార్లు చదివాను. దాన్ని చూసుకునే చేయిస్తున్నా."

"ఇంకేం, సరే. మీ ఆయన అదృష్టవంతుడు. మా ఆవిడైతే నేను చస్తున్నానన్నా షవర్ కర్టెన్ కూడా మార్చదు."

గ్లెనిస్ నవ్వి, అతనికి టీ పెట్టి, ఫ్రూట్ కేక్ పెద్ద ముక్క కోసిచ్చింది. ఎవరైనా ఆమె నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

పని బుధవారానికి ముగిసింది. నల్లటి పలక గోడ నుంచి గోడ దాకా నిగనిగలాడుతోంది. గ్లెనిస్ దాని మీద నిలబడి, బలంకొద్దీ తొక్కి చూసింది. కదల్లేదు. ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

గురువారం పదింటికి హాస్పిటల్ ఆమె ట్రేసీ వచ్చింది. పడకగది చూసింది, గుమ్మాలు కొలిచింది, అన్నింటికీ బాగుందని తలూపింది. ట్రేసీ స్నానాల గది ముందు ఆగి, వంగి, గడప ఎత్తు రెండుసార్లు కొలిచింది.

"దీన్ని తీయించడానికి వీలవుతుందా?"

"గదంతా పగలగొట్టాలట," అంది గ్లెనిస్.

"రెండు కాళ్లూ తీసేసిన మనిషి, ఆయన చక్రాల కుర్చీ ఈ గడప దాటదమ్మా, ఇక హోమ్‌కి పంపడమే," అని ట్రేసీ జాలిగా చెప్తుంటే, ఎక్కడ నవ్వు బయటపడిపోతుందోనని గ్లెనిస్ రుమాలుతో గట్టిగా నోరు నొక్కుకుంది.