డబ్బా మీద పేరు

తెర మీద ఆ తల్లి పాలపొడి డబ్బాని అరచేత్తో తుడిచి, పేరు కనబడేలా కెమెరా వైపు తిప్పింది.

"నా బిడ్డ ఎలాగూ పోయింది. ఇంకో బిడ్డకి ఇది పట్టకుండా చూడండయ్యా."

"డబ్బా మీద మసక వెయ్యి," ఎడిటర్ కుర్చీ వెనక నిలబడి అన్నాడు చానల్ న్యూస్ హెడ్.

"ఆవిడ మొహం మీద కూడానా సార్?"

"మొహం ఉండనీ. ఏడుపు కనబడకపోతే ఎవడు చూస్తాడు?"

"పేరు తెలియకపోతే జనం కొనడం ఎలా మానేస్తారు సార్?"

"మానేస్తే మనకి జీతాలెవడిస్తాడు, మీ తాతా? సగం యాడ్లు ఆ కంపెనీవే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు."

ఎడిటర్ డబ్బా మీద మసక వేశాడు.

హెడ్ తలుపు దాకా వెళ్లి, కూతురికి ఫోన్ కలిపి, గొంతు తగ్గించాడు.

"అమ్మలూ, చంటాడికి పట్టే పాలడబ్బా ఇప్పుడే పారెయ్. ఎందుకని అడక్కు. ఏంటీ, పక్కింటి పాపకీ అదేనా? వాళ్ల గొడవ మనకెందుకే!"

ఆయన వెళ్లాక, సరిచూడ్డానికి ఎడిటర్ వీడియోని మళ్లీ మొదట్నుంచి నడిపాడు.

తెర మీద ఆ తల్లి అతను వేసిన మసకని అరచేత్తో తుడుస్తోంది. గట్టిగా, పేరు కనబడాలని.