చక్కెర డబ్బా

"గట్టిగా పట్టుకో అత్తా, స్టూలు ఊగతాండాది."

"నేనూ ఊగతాండాను. బిన్నా దించు," అంది తిరుమలమ్మ.

కృపామణి అటక మీది పాత కుక్కర్లో దాచిన చక్కెర డబ్బా దించింది. లెమన్ బార్లనే పుల్లతీపి ముక్కల అడుగు పొర ఓవెన్లో ఎర్రబడుతోంది. గూడూరు నిమ్మకాయల రసంలో గుడ్లు గిలక్కొట్టడం కూడా అయింది. రేపు చర్చిలో కృపామణి భర్త పాల్ జ్ఞాపకార్థ కూడిక. షుగరు జబ్బున్నా ఆయన ప్రాణమంతా ఈ లెమన్ బార్ల మీదే ఉండేది కాబట్టి, వచ్చినవాళ్లకు ఇవే పంచాలనుకున్నారు.

"మూత నిదానంగా తియ్యి. అలిపిరి కాడుండినా ఈ సప్పుడు ఇనపడతాది నా కొడుక్కి."

కృపామణి నవ్వింది. పదేళ్లుగా ఇదే పద్ధతి. కోడలు అర గ్లాసే చక్కెర పోస్తుంది, అత్త గుమ్మంలో కాపలా కాస్తుంది, అయినా పాల్ వచ్చేస్తాడు.

ఈసారి గ్లాసు నిండా పోసింది. మూత బిగించి మళ్లీ స్టూలెక్కి, డబ్బాను అటక మీదికి తోస్తూ గొంతు తగ్గించింది.

"నీ కొడుకు వస్తాండాడా అత్తా?"

తిరుమలమ్మ అలవాటుగా హాల్లోకి తొంగి చూసింది. ఖాళీ హాలు చూసి వెనక్కి వచ్చి స్టూలు పట్టుకుంది.

"దిగు కృపా," అంది. "డబ్బా ఇంక కిందే పెట్టుకుందాం."